ఇటలీ కొండకు మా నాయన పెట్టిన రాయి

నేను ఇటలీ చూశానంటే అది టైల్స్ కంపెనీ పుణ్యం. కృష్ణగిరి జిల్లా మత్తిగిరిలో నాకో చిన్న టైల్స్ షాపు ఉంది. ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఇళ్ళు కట్టుకొంటూనే ఉంటారు కాబట్టి ఏదో నడుస్తుంది. ఆ ఏడు కంపెనీ పెట్టిన టార్గెట్‌ను ఎలా దాటానో నాకే తెలియదు, దాటేశాను. దాటిన డీలర్లకు, వెంట ఇంకొకరికి, వారం రోజుల ఇటలీ టూర్ అన్నారు. ఆ ఇంకొకరు మా ఆవిడే కావాల్సింది. ఆమె మాత్రం అన్నం వడ్డిస్తూనే తేల్చేసింది.

“ఇద్దరమూ పోతే షాపు ఎవురు చూస్తారు? మామను పిల్చుకోని పో. ఆయన తిరుపతి దాటి యాడికి పోయినాడు?”

మా నాయనకు అరవై ఎనిమిదేళ్ళు. మాది గురుబరపల్లి దగ్గర పల్లె. ఆయన బావులు కట్టేవాడు. తవ్వేవాళ్ళు వేరే. వాళ్ళు తవ్వి పైకొచ్చాక, మట్టి కూలిపోకుండా లోపల చుట్టూ రాతిగోడ పేర్చుకుంటూ రావడం ఆయన పని. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి, సందులో చిన్న రాయి, అంతే. అడుగు నుంచి మొదలుపెట్టి నెలా రెండు నెలలకు నేల మట్టానికి వచ్చేవాడు. తర్వాత బోర్లు వచ్చాయి. బావుల్లో నీళ్ళు పోయాయి, తర్వాత చెత్త పడింది, చివరికి మట్టి పోసి పూడ్చేశారు. నాయన కట్టినవి చాలామటుకు ఇప్పుడు భూమి కిందే ఉన్నాయి. పని పోయాక ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బుట్టలు మోశాడు. ఆ కూలి డబ్బుతోనే నేను డిప్లొమా చదివాను.

విమానాశ్రయంలో నేను నేల చూసుకుంటూ నడిచాను. ఏ సైజు టైల్, ఏ ఫినిషింగ్, జాయింట్ ఎంత సన్నంగా వేశారు, ఇదే గోల. నాయన గోడలు చూసుకుంటూ నడిచాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

మిలాన్ హోటల్లో మొదటి రోజు పొద్దున టిఫిను దగ్గరే నేను చేయకూడని పని చేశాను. మా గుంపులో ఊత్తంగరై డీలర్ ఒకాయన ఉన్నాడు. నాకంటే నాలుగింతలు పెద్ద షాపు, నలభై ఇంతలు పెద్ద గొంతు. తెలుగువాడే. ప్లేటు తెచ్చుకొని మా ఎదురుగా కూర్చుంటూ, నాయన పక్కనుండగానే నన్ను అడిగాడు.

“పెద్దాయన ఏం పని చేస్తా ఉండినారప్పా?”

“సివిల్ కాంట్రాక్టరు. ఇప్పుడు రిటైరైనాడు,” అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నాలుక మీద సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒకరి తండ్రిది రైస్ మిల్లు, ఒకరి తండ్రి పంచాయతీ ప్రెసిడెంటు. రాళ్ళ పని అంటే ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు, తర్వాత మరీ మర్యాదగా మాట్లాడతారు. ఆ మర్యాద నాకు బాగా తెలుసు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ వందసార్లు చెప్పింది. నాయన కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. అలిగినట్టు కాదు. “ఊ”, “చాలు”, “పోదాం” – ఈ మూడు మాటలతో మూడు రోజులు గడిపాడు. ఊత్తంగరై డీలర్ మాత్రం వదలకుండా “ఏం కాంట్రాక్టులు పెద్దాయనా, రోడ్లా, బ్రిడ్జిలా?” అంటూ వెంటపడ్డాడు. నాయన “చిన్న చిన్న పనులప్పా” అని ముందుకు నడిచేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం డీలర్ మీద చూపించలేను, నాయన మీద చూపించే మొహం లేదు. ఇంత దూరం తెచ్చి, ఇన్ని వింతల మధ్య నిలబెట్టి, నేనే ఆయన నోరు కట్టేశాను. ఊరికి తిరిగి పోయేలోగా ఆయన నాతో మామూలుగా ఒక్క మాట మాట్లాడితే చాలనిపించింది.

నాలుగో రోజు పడవ ప్రయాణం. లా స్పెజియా అనే రేవులో ఎక్కితే, ఒడ్డు వెంబడి కొండల అంచున ఉన్న చిన్న ఊళ్ళన్నీ చూపించి సాయంత్రానికి దించుతారు. మాతో ఒక గైడ్ అమ్మాయి. ఆ దేశపు పిల్లే, ఇంగ్లీషు నిదానంగా, మనకు అర్థమయ్యేలా మాట్లాడేది. నాయన పడవ అంచున కూర్చున్నాడు. నేను పక్కన.

మాకు నీళ్ళంటే కృష్ణగిరి డ్యామే. దాన్ని చూసే మేం సముద్రం అనుకొంటాం. రేవు గోడ దాటి పడవ బయటికి రాగానే నా కళ్ళు అవతలి ఒడ్డు కోసం వెతికాయి. అవతలి ఒడ్డు లేదు. ఎంత దూరం చూసినా నీళ్ళే. ఆ నీలం రంగుకు నా షాపులోని ఏ కేటలాగులోనూ పేరు లేదు. ఒడ్డు దగ్గర ఆకుపచ్చ, దాటితే నీలం, ఇంకా దాటితే నలుపు. నేను ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను. దాన్ని ఫోన్‌లో పట్టుకోవచ్చు అనుకోవడమే సిగ్గనిపించింది.

నాయన వంగి చెయ్యి చాచాడు. ఎగిరిపడిన తుంపరను అరచేతిలో పట్టి నాలుకకు రాసుకున్నాడు. బావిలో తొలి నీళ్ళు ఊరగానే రుచి చూడటం ఆయనకు అలవాటు. తియ్యగా ఉన్నాయా, చప్పగా ఉన్నాయా చెప్పాకే రైతు కొబ్బరికాయ కొట్టేవాడు. నాయన మొహం చిట్లించాడు. చాలాసేపు నీళ్ళ వైపే చూశాడు.

“ఇన్ని నీళ్ళుండి ఒక్క మడికి పారవు గదా,” అన్నాడు.

నాతో కాదు, తనలో తను. అయినా నాకు ప్రాణం లేచి వచ్చింది.

మొదటి ఊరు పోర్తోవెనెరె. నీళ్ళలోకి పొడుచుకొచ్చిన రాతిగుట్ట కొసన ఒక చర్చి. అలలు గుట్టను కొడుతుంటే ఆ రాతి కట్టడం ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంది. ఎన్ని వందల ఏళ్ళదో గైడ్ చెప్పింది, నేను వినలేదు. నాయన చర్చి పునాది ఎక్కడ మొదలై, గుట్ట ఎక్కడ ముగిసిందో వెతుకుతున్నాడు. ఆయన వేలు గాలిలో వరసలు లెక్కపెడుతోంది. దిగి చూసి వచ్చాం. పడవ మళ్ళీ కదిలింది.

రెండో ఊరు రియోమజ్జొరె. కొండ చీలికలో ఇళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నాయి. గులాబీ, పసుపు, ఇటిక రంగు, మళ్ళీ పసుపు. అన్నింటికీ ఆకుపచ్చ కిటికీ రెక్కలు. కిటికీల బయట తీగల మీద దుప్పట్లు, బనియన్లు ఆరేసి ఉన్నాయి. మత్తిగిరి కొత్త లేఅవుట్లలో ఎవరైనా ఇంటికి ఇలాంటి గులాబీ రంగు వేస్తే మేం షాపులో కూర్చుని నవ్వుకొంటాం. ఈడ చూస్తే లోకమంతా సముద్రాలు దాటొచ్చి ఫోటోలు తీసుకొంటోంది. ఆ రంగులు ఎండకు, ఉప్పుగాలికి వెలిసిపోయి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఇళ్ళు కట్టినట్టు కాక కొండకు కాసినట్టున్నాయి. ఊత్తంగరై డీలర్ కూడా నోరు మూసుకొని చూశాడంటే అర్థం చేసుకోండి.

అక్కడి నుంచి మనరోలా పోయేటప్పుడు జరిగింది. నాయన ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. నేను చెయ్యి పట్టుకొని లాగినా కూర్చోలేదు.

“అది కొండ కాదు,” అన్నాడు.

దూరపు కొండలు నునుపు అంటారు. ఆ కొండలు దూరానికి కూడా నునుపుగా లేవు. నీళ్ళ అంచు నుంచి పైన మబ్బు తాకే దాకా సన్నని గీతలు, గీత మీద గీత. ద్రాక్ష తోటల వరసలనుకున్నాను. పడవ దగ్గరయ్యేకొద్దీ గీతలు గోడలయ్యాయి. ప్రతి గోడ వెనకా మంచమంత వెడల్పు మట్టి, ఆ మట్టిలో ద్రాక్ష. దాని వెనక ఇంకో గోడ. దాని పైన ఇంకోటి. కొండ కొండంతా మనుషులు చేత్తో పేర్చి నిలబెట్టింది.

“సిమెంటు ఉండాదేమో అడుగప్పా,” అన్నాడు నాయన.

నేను గైడ్‌ను అడిగాను. లేదంది. సున్నం కూడా లేదు, వట్టి రాళ్ళే, వందల ఏళ్ళుగా తాతలు, తండ్రులు, కొడుకులు పేర్చుకుంటూ వచ్చారు, ఇప్పుడు పేర్చేవాళ్ళు తగ్గిపోయారు, అందుకే అక్కడక్కడా కూలుతున్నాయి అంది. నేను తెలుగులో చెప్పాను. నాయన రెండు చేతులూ ఎత్తి కొండకు దండం పెట్టాడు. పడవలో అందరూ చూశారు.  కొండంత దేవుడికి కొండంత పత్రి తేగలమా అంటారు. వీళ్ళు కొండంత కొండనే తెచ్చి పెట్టారు.

మనరోలాలో గంటన్నర టైమిచ్చారు. ఊరి పైన ద్రాక్ష తోటల మధ్య కాలిబాట ఉంది, అక్కడి నుంచి ఊరంతా బాగా కనిపిస్తుందని గైడ్ మా గుంపును తీసుకుపోయింది. నాయన అందరికంటే ముందు. అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు ఆ పొద్దు ఎక్కడికి పోయాయో. ప్రతి గోడ దగ్గరా ఆగి అరచెయ్యి ఆనించి, మళ్ళీ నడుస్తున్నాడు.

ఒక మలుపులో గోడ కొంత మేర కూలి ఉంది. వానకు జారినట్టుంది. రాళ్ళు దారి పక్కన కుప్పగా పడి ఉన్నాయి. అడ్డంగా ఒక తాడు కట్టారు. మా నాయన లాంటి రాతిపనివాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు కట్టిందైనా సరే, పడిన రాయిని చూసి దాటిపోకూడదు. కనీసం ఒక్క రాయైనా ఎత్తి పెట్టి పోవాలి. చిన్నప్పుడు నన్ను సంతకు తీసుకుపోతూ కూడా ఎవరి చేని గట్టు దగ్గరో ఆగిపోయేవాడు, నేను ఎండలో ఏడుస్తూ నిలబడేవాణ్ణి. అందుకే నాకు ముందే తెలిసిపోయింది.

“వద్దు నాయనా, ఇది మన ఊరు కాదు,” అన్నాను.

ఆయన అప్పటికే బూట్లు విప్పి పక్కన పెట్టేశాడు. గోడ మీదికి బూట్లతో పోడు. తాడు కింద దూరాడు. కుప్పలో ఒక రాయిని ఎంచాడు. చేతుల్లో మూడుసార్లు తిప్పి దాని మొహం ఎటుందో చూసుకొని, మిగిలిన వరస పక్కన ఆనించి, అరచేత్తో గట్టిగా చరిచాడు. అది కూర్చుంది. ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు కూర్చుంది.

పై నుంచి కేక వినిపించింది. ఒక ముసలాయన గబగబా దిగి వస్తున్నాడు. తలకు టోపీ, మోకాళ్ళ దాకా మట్టి. ఆయన గోడే. భాష తెలియకపోయినా తిట్లు ఏ దేశంలోనైనా తెలుస్తాయి. గైడ్ అమ్మాయి మొహం ఎర్రబడి, చేతులు జోడించి ఏదో చెప్పింది. మా గుంపంతా చుట్టూ చేరింది. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. నాయన కదల్లేదు.

ముసలాయన కోపంగా వంగి ఆ రాయిని ఊపాడు. కదల్లేదు. ఇంకోసారి ఊపాడు. ఆయన తిట్లు ఆగిపోయాయి. నాయన వైపు చూశాడు. తర్వాత, ఎవరూ అనుకోనిది చేశాడు. రాయిని పైకి లాగి తీసేశాడు.

నాయన మొహం చూడలేకపోయాను. ముసలాయన ఆ రాయిని నిదానంగా తిప్పాడు. నాయన దాన్ని అడ్డంగా, పొడుగు వైపు బయటికి కనబడేలా పెట్టాడు. ఈయన పక్కకు మళ్ళించి, కురచ మొహం మాత్రం బయటికి, మిగిలిన పొడుగంతా కొండ లోపలికి పోయేలా దించాడు. దించి, నాయన వైపు చూసి, వేలితో లోపలికి చూపించాడు.

“అట్లనా!” అన్నాడు నాయన. కళ్ళు పెద్దవయ్యాయి. నా వైపు తిరిగాడు. “నేను బావికి పెట్టినట్టు పెట్టేసినానప్పా. బావి గుండ్రంగా ఉంటాది గదా, రాయి పక్క రాయిని పట్టుకోని నిలబడతాది. ఈడ గోడ నేరుగా పోతా ఉండాది, పక్కన పట్టుకొనేది ఏమీ లేదు. కొండనే పట్టుకోవాల. నలభై ఏళ్ళు పని చేసినా, ఇది తెలీలేదు సూడు!”

తప్పు చేసినందుకు ఇంత సంతోషపడిన మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. మూడు రోజుల తర్వాత నాతో మనసు విప్పి మాట్లాడిన మాటలవి. ఆయన ఇంకో రాయి ఎత్తి, ఈసారి పొడుగు లోపలికి పోయేలా పెట్టాడు. ముసలాయన దాన్ని ఊపి చూసి తల ఊపాడు. సందులో దిగేసే చిన్న రాయి వెతికి నాయనకు అందించాడు. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు. అలా ఏడెనిమిది రాళ్ళు పెట్టారు. మా గుంపులో ఎవరూ ఊరి ఫోటో తీయడానికి ముందుకు పోలేదు. కింద సముద్రం మెరుస్తోంది, రంగుల ఇళ్ళు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి, మేం రాళ్ళు చూస్తూ నిలబడ్డాం.

ముసలాయన గైడ్‌తో ఏదో అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది. “మీ నాన్నగారి పని ఏమిటని అడుగుతున్నారు.”

నేను తెలుగులో నాయనకు చెప్పాను. ఆయన ముసలాయన వైపు చూశాడు, మా గుంపు వైపు చూశాడు, ఊత్తంగరై డీలర్ వైపు చూశాడు. చేతిలో రాయి కింద పెట్టేసి, గొంతు తగ్గించి నాతో అన్నాడు.

“కాంట్రాక్టరనే చెప్పప్పా. అందరూ ఉండారు.”

నా కోసం అన్నాడు. నలభై ఏళ్ళ పనిని, తన పని తెలిసిన ఒకే ఒక్క మనిషి ముందు, నా పరువు కోసం దాచేస్తానన్నాడు.  ముందు ఇంగ్లీషులో గైడ్‌కు చెప్పాను. “మా నాన్న రాళ్ళ పని చేసేవాడు. బావులు కట్టేవాడు. చేత్తో, సిమెంటు లేకుండా.” తర్వాత తిరిగి, అందరికీ వినబడేలా తెలుగులో, గుంపులో తమిళం వాళ్ళూ ఉన్నారు కాబట్టి మళ్ళీ తమిళంలో అదే మాట అన్నాను.

“మరి కాంట్రాక్టరంటివే?” అన్నాడు ఊత్తంగరై డీలర్. ఎగతాళి కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

“అబద్ధం చెప్పినానన్నా. సిగ్గుపడి చెప్పినా,” అన్నాను.

 గైడ్ మాటలు విన్న ముసలాయన టోపీ తీశాడు. నాయన భుజం మీద చెయ్యి వేసి, తన గోడను, పైనున్న గోడను, దాని పైదాన్ని, కొండ చివరి దాకా ఒక్కొక్కటే చూపించాడు. ఇది మా తండ్రిది, అది ఆయన తండ్రిది అంటున్నాడని గైడ్ చెప్పింది. నాయనకు ఆ మాట తర్జుమా చేయాల్సిన పని లేకపోయింది. పడవ కూత వినబడేదాకా ఇద్దరూ అలాగే తలలెత్తి నిలబడ్డారు.

తిరుగు ప్రయాణంలో ఎండ వాలింది. కొండల మీద గోడల నీడలు పడి గీతలు ఇంకా స్పష్టమయ్యాయి. ఊత్తంగరై డీలర్ వచ్చి నాయన పక్కన కూర్చున్నాడు. ఈసారి గొంతు చిన్నది. “మా మామిడి తోపులో బావి ఇంకా ఉండాది పెద్దాయనా. పూడ్చాలనుకొంటా ఉండినా. ఒకసారి వచ్చి చూస్తారా?” అన్నాడు. నాయన ఆ బావి లోతెంత, రాయి ఏ రంగు అని అడిగి తెలుసుకొని, వస్తానన్నాడు.

డీలర్ లేచి పోయాక నేను నాయనతో అన్నాను. “తప్పు చేసినా నాయనా. నా మీద కోపం పెట్టుకోవద్దు.”

“నీ మీద కోపం ఎవురికప్పా?” అన్నాడు.

“మరి మూడు దినాలు మాట్లాడలేదే?”

ఆయన పడవ అంచును గట్టిగా పట్టుకొని కొండల వైపే చూస్తూ అన్నాడు.

“నిన్ను బళ్ళో చేర్చే దినం, పిల్లోని నాయన ఏం పని చేస్తాడని హెడ్‌మాస్టరు అడిగె. కూలి అని రాస్తే నిన్ను వెనక బెంచీలో కూర్చోబెడతారని భయం. కాంట్రాక్టరని రాసుకోండి సార్ అంటిని. నువ్వు నా వేలు పట్టుకోని, తలెత్తి నన్నే చూస్తా ఉండినావు. హోటల్లో నీ నోట ఆ మాట వినంగానే నాకు ఆ దినం గెవనానికి వచ్చె. వీనికి అబద్ధం నేర్పింది నేనే గదా, ఏం మొగం పెట్టుకోని మాట్లాడేది అని ఊరికే ఉంటి.”